పాత కుటుంబ ఛాయాచిత్రాలు: బంధువుల గుర్తింపు

ఒక కుటుంబానికి చెందిన పాత ఫొటోలో కూర్చున్నవారు, నిలబడ్డవారు ఎవరెవరో వంశ పరిశోధన సాయంతో తేల్చే పని సగం చరిత్ర, సగం దర్యాప్తు. తెలుగు ఇళ్ళలో ఇలాంటి ఫొటోలు ట్రంకు పెట్టె అడుగునో, దేవుడి గది గోడ మీదో, చెదలు తిన్న ఫ్రేములోనో కనిపిస్తాయి. నడుమ కుర్చీల్లో పెద్ద దంపతులు, వెనక వరసలో కొడుకులూ కోడళ్ళూ, కింద చాప మీద పిల్లలు. ఒకరిద్దరి పేర్లు ఇంట్లో అందరికీ తెలుసు. మిగిలిన పది మంది గురించి అడిగితే "మన వాళ్ళే" అన్న మాట తప్ప మరొకటి రాదు. ఆ "మన వాళ్ళ"కు పేర్లు పెట్టాలనుకున్నవారు మొట్టమొదట చేసే పని ముఖాలు పోల్చడం. ఈ ముక్కు పెదనాన్నదే, ఈ నుదురు మేనత్తదే అని తేల్చేసి, ఆ పేరు ఫొటో వెనక రాసేస్తారు. తర్వాతి తరం దాన్నే సాక్ష్యంగా తీసుకుంటుంది. ఈ వరస తిరగబడాలి. పేరు ముఖంలోంచి రాదు. ఫొటో తీసిన కాలం, ఆ కాలానికి బతికి ఉన్న బంధువుల జాబితా, వాళ్ళ మధ్య ఉన్న వరస, ఈ మూడూ కలిసిన చోట పేరు దొరుకుతుంది. ముఖాన్ని ఆఖరి సాక్షిగా పిలవాలి.

ముఖం ఎందుకు చాలదు

ముఖ పరిచయం ఎంత బలహీనమైన ఆధారమో చూపడానికి ప్రపంచంలో ఎక్కువ మంది చూసిన ఫొటోల్లో ఒకదాన్ని తీసుకోవచ్చు. 1945 ఫిబ్రవరి 23న ఇవో జిమా దీవిలోని సూరిబాచి కొండ మీద ఆరుగురు అమెరికా సైనికులు జెండా నిలబెడుతుండగా జో రోసెంతాల్ తీసిన ఫొటో అది. తీసిన కొద్ది వారాలకే ఆరుగురి పేర్లూ ప్రకటించారు. అక్కడ ఉన్నవారు, చూసినవారు బతికే ఉన్నారు. అయినా 1947లో హాన్సెన్ పేరు తీసి హార్లన్ బ్లాక్ పేరు చేర్చవలసి వచ్చింది. 2016లో జాన్ బ్రాడ్లీ స్థానంలోకి హెరాల్డ్ షుల్జ్, 2019లో రెనే గాన్యన్ స్థానంలోకి హెరాల్డ్ కెల్లర్ వచ్చారు. ఆరింటిలో మూడు పేర్లు తప్పు. అవి తప్పని తేలడానికి 74 ఏళ్ళు పట్టింది. చివరి రెండు దిద్దుబాట్లకు దారి తీసింది ఎవరి జ్ఞాపకమూ కాదు. అదే రోజు, అదే చోట తీసిన మిగతా ఫొటోలనూ సినిమా రీలునూ పక్కన పెట్టుకుని, ఎవరు ఏ దుస్తుల్లో ఉన్నారు, ఎవరి ఒంటి మీద ఏ సామాను ఉంది అని ఓపికగా సరిపోల్చిన మనుషుల శ్రమ అది. సాక్షులు బతికుండగానే ఇంత పొరపాటు జరిగితే, తొంభై ఏళ్ళ నాటి గ్రూపు ఫొటోలో ముక్కును చూసి పేరు పెట్టడం ఎంత సాహసమో ఊహించవచ్చు.

దీనికి ఎదురుగా ముఖం అవసరమే లేకుండా జరిగిన గుర్తింపు ఒకటి ఉంది. 1863 జులైలో గెటిస్‌బర్గ్ యుద్ధంలో చనిపోయిన ఒక సైనికుడి దగ్గర ముగ్గురు పిల్లలున్న గాజు పలక ఫొటో దొరికింది. అతని పేరు తెలిపే కాగితం ఏదీ లేదు. ఫొటోలను అచ్చువేసే వీలు ఆనాటి పత్రికలకు లేదు. అందుకని ఫిలడెల్ఫియాకు చెందిన బోర్న్స్ అనే వైద్యుడు ఆ ఫొటో వర్ణనను పత్రికల్లో వేయించాడు. పిల్లల వయసులు సుమారు ఎన్నేళ్ళు, ఎవరు ఎక్కడ కూర్చున్నారు, పెద్ద పిల్లవాడి చొక్కా, ఆడపిల్ల గౌను ఒకే బట్టతో కుట్టినవి అన్న వివరాలు అందులో ఉన్నాయి. న్యూయార్క్ రాష్ట్రంలోని పోర్ట్‌విల్ అనే ఊళ్ళో ఫిలిండా హ్యూమిస్టన్ అనే తల్లి ఆ సంగతి తెలుసుకుని, అలాంటి ఫొటోనే తాను భర్తకు పంపానని ఉత్తరం రాసింది. ఫొటో నకలు ఆమె చేతికి అందాకే విషయం ఖాయమైంది. చనిపోయినవాడు ఆమె భర్త ఏమస్ హ్యూమిస్టన్. ఇక్కడ క్రమం గమనించదగ్గది. ముందు పిల్లల సంఖ్య, వయసుల తేడా, బట్ట, ఫొటో చేతులు మారిన దారి వచ్చాయి. చివర్న ముఖం వచ్చి ముద్ర వేసింది. తెలుగు ఇంటి ఫొటోకైనా ఈ క్రమమే సరైనది.

మొదట కాలం తేలాలి

ఫొటో తీసిన కాలం తేలితే సగం మంది పేర్లు వాటంతట అవే రాలిపోతాయి, ఎందుకంటే అప్పటికి పుట్టనివారు, అప్పటికే పోయినవారు ఆ చిత్రంలో ఉండరు. మొదటి ఆధారం కాగితమే. 19వ శతాబ్ది ద్వితీయార్ధంలో ఎక్కువగా కనిపించేది గుడ్డు తెల్లసొన పూసిన ఆల్బుమెన్ కాగితం. పలుచగా ఉండి, దళసరి అట్ట మీద అతికించి, లేత పసుపు, గోధుమ రంగులకు తిరిగి ఉంటుంది. 1854లో పారిస్‌లో డిస్డేరీ పేటెంటు పొందిన కార్త్ ద విజిత్ అట్ట సుమారు 6 సెంటీమీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. 1860ల్లో వచ్చిన క్యాబినెట్ కార్డు దాదాపు 11 సెంటీమీటర్ల వెడల్పు, 16.5 సెంటీమీటర్ల పొడవు. 20వ శతాబ్దిలో రాజ్యమేలింది జెలటిన్ వెండి కాగితం. వెలుతురుకు వంచి చూస్తే దాని నల్లటి భాగాల్లో, అంచుల వెంట అద్దంలాంటి వెండి మెరుపు కనిపిస్తుంది. అట్ట మీద బంగారు అక్షరాలతో స్టూడియో పేరు, ఊరు ఉంటే అది మరో ఆధారం. సికింద్రాబాదులో స్టూడియో నడిపిన రాజా దీన్ దయాళ్ 1905లో మరణించారు. పరదా పాటించే స్త్రీల కోసం ఆయన సంస్థ 1892లో హైదరాబాదులో జనానా స్టూడియో తెరిచి, అందులో ఫొటోలు తీసే పని ఒక ఆంగ్ల మహిళకు అప్పగించింది. ఉత్తరాంధ్ర ఇళ్ళలో రంగూన్ స్టూడియో ముద్ర ఉన్న ఫొటో దొరికితే, అది చాలా మటుకు 1942కు ముందుదే. 1941 డిసెంబరులో జపాను బాంబులు పడ్డాక, "రంగం వెళ్ళిన", అంటే రంగూన్‌కు వలస పోయిన, తెలుగువారిలో ఎందరో అడవుల వెంట నడిచి తిరిగి వచ్చారు.

దుస్తులు, వస్తువులు కూడా కాలం చెబుతాయి, కానీ ఒకే దిక్కు నుంచి. కొత్త వస్తువు ఒక హద్దు గీస్తుంది, పాత వస్తువు ఏ హద్దూ గీయదు. ఫొటోలో యువకుడి తల మీద గాంధీ టోపీ ఉంటే అది 1920 ప్రాంతానికి ముందుది కాదు. పెద్దాయన పిలక, తలపాగా చూసి అది 1890ల నాటిదనడం మాత్రం కుదరదు. ఆయన 1940 దాకా అలాగే ఉండి ఉండవచ్చు. చేతి గడియారం, కోటు, బెంట్‌వుడ్ కుర్చీ, వెనక రంగుల తెర స్టూడియో వాళ్ళవే కావచ్చు. స్త్రీల ఒంటి మీది కాసులపేరు, వడ్డాణం, నాగరం అత్తగారి పెట్టెలోవి కావచ్చు, ఫొటో కోసం తోడికోడలి దగ్గర అడిగి పెట్టుకున్నవీ కావచ్చు. కాబట్టి నగ కాలం చెప్పదు. కానీ పంపకాల జాబితాలో గానీ వీలునామాలో గానీ ఆ నగ వర్ణన ఉంటే, అది ఏ చేతి నుంచి ఏ చేతికి వెళ్ళిందో తెలిసి, ఇంటి ఏ శాఖకు చెందిన ఫొటోనో సూచిస్తుంది. పూలజడ వేసిన అమ్మాయిని అద్దం ముందు కూర్చోబెట్టి, ముఖం, జడ రెండూ పడేలా తీసిన ఫొటో మన స్టూడియోల ప్రత్యేకత. తేదీ చెప్పకపోయినా సందర్భం చెబుతుంది. పెళ్ళికో, సీమంతానికో, మరో వేడుకకో తీసిన ఫొటో అది. సందర్భం తెలిస్తే వెతకవలసిన కాగితం ఏదో తెలుస్తుంది.

ఇక్కడ రెండు ఉచ్చులున్నాయి. ఒకటి నకలు. 1925 నాటి ఫొటోను 1965లో మళ్ళీ ఫొటో తీయించి, పెద్దది చేయించి, రంగులు వేయించి ఉంటే, కాగితం వయసు మనుషుల వయసు కాదు. చనిపోయినవారి బొమ్మను వేరే ఫొటోలోంచి కత్తిరించి గ్రూపులో కలిపిన చిత్రాలూ ఉన్నాయి. నీడలు ఒకే దిక్కుకు పడకపోవడం, ఒక మనిషి పాదాలు నేలకు ఆనకపోవడం వాటి ఆనవాళ్ళు. రెండోది కుడిఎడమల తారుమారు. నెగటివ్‌ను తిరగేసి ముద్రిస్తే చిత్రం అద్దంలోలా తిరగబడుతుంది. దాన్ని పట్టుకోవడానికి మన ఇళ్ళ ఫొటోల్లో చక్కటి గుర్తులున్నాయి. పైట ఎడమ భుజం మీదుగా పోతుంది, జంధ్యం ఎడమ భుజం మీద నుంచి దిగుతుంది, చొక్కా జేబు ఎడమ వైపున ఉంటుంది. ఇవన్నీ ఆ మనిషి కుడి భుజం వైపున కనిపిస్తే ఫొటో తిరగబడిందన్నమాట. వెనక "ఎడమ నుంచి కుడికి" అని పేర్ల వరస ఉంటే, అది ఈ ప్రతిని చూసి రాసిందా లేక సరైన ప్రతి నుంచి ఎత్తి రాసిందా అని ఆలోచించాలి. ఈ చిన్న పరీక్ష చేయకపోతే అన్నదమ్ముల పేర్లు తారుమారై, ఆ తర్వాతి లెక్కలన్నీ తప్పుతాయి.

వెనక రాత ఎవరిది

ఫొటో వెనక రాసిన మాటలు దొరికితే పని అయిపోయిందనుకుంటారు. నిజానికి అక్కడే అసలు పని మొదలవుతుంది. తెలుగు వరసలు మాట్లాడే మనిషిని బట్టి మారతాయి. ఒక ఉదాహరణను దగ్గరగా చూద్దాం. జెలటిన్ కాగితం మీద పదమూడు మంది ఉన్న గ్రూపు ఫొటో ఒకటి ఉందనుకుందాం. వెనక సిరాతో "రక్తాక్షి మాఘం. తాతయ్యగారి షష్టిపూర్తి. మామయ్య, పెద్దత్త, చిట్టి" అని ఉంది. రక్తాక్షి అరవై ఏళ్ళకోసారి వచ్చే పేరు. 1864–65, 1924–25, 1984–85 ముగ్గురు అభ్యర్థులు. కాగితాన్ని బట్టీ, దుస్తులను బట్టీ మధ్యది మిగులుతుంది. మాఘం కాబట్టి 1925 తొలి నెలలు. అంతేకాదు, షష్టిపూర్తి అంటే పుట్టిన సంవత్సరం పేరు మళ్ళీ తిరిగి రావడం. కాబట్టి నడుమ కుర్చీలో ఉన్న పెద్దాయన పుట్టింది కూడా రక్తాక్షిలోనే, అంటే 1864–65లో. ఒక్క మాట ఫొటో తేదీనీ, ఒక మనిషి పుట్టిన ఏడునూ కలిపి ఇచ్చింది. ఇంట్లో ఆయన జాతకం దొరికితే ఇక సరిచూసుకోవడమే తరువాయి.

అదే వెనక రాతలో "మామయ్య" ఎవరు? రాసింది పెద్దాయన కూతురి బిడ్డ అయితే మామయ్య అంటే ఆయన కొడుకు, పెద్దత్త అంటే పెద్ద కోడలు. రాసింది కొడుకు బిడ్డ అయితే మామయ్య అంటే అల్లుడు, పెద్దత్త అంటే పెద్ద కూతురు. అవే అక్షరాలు, కానీ మనుషులు పూర్తిగా వేరు. ఒక దారిలో ఆమె ఈ ఇంటి పేరుతో పుట్టింది, మరో దారిలో ఈ ఇంటి పేరులోకి వచ్చింది. మేనరికాలు, అక్క కూతురిని చేసుకోవడం ఉన్న ఇళ్ళలో చిక్కు ఇంకా పెరుగుతుంది. ఒకే మనిషి ఒకరికి మేనమామ, మరొకరికి నాన్న, ఇంకొకరికి బావ. కాబట్టి వెనక రాతను చదివే ముందు రాసిన చేతిని గుర్తించాలి. ఇంట్లో ఉన్న పాత ఉత్తరాలు, పద్దు పుస్తకాలు, వంటల నోటు పుస్తకాల్లోని దస్తూరితో పోల్చి, ఇది ఎవరి రాతో తేల్చాకే ఆ వరసలకు అర్థం వస్తుంది. "చిట్టి" వంటి ముద్దుపేరు మరో చిక్కు. తాత పేరు మనవడికి పెట్టడం ఆచారం. మామగారి పేరు కోడలు నోట పలకకూడదన్నది కూడా ఆచారమే. అందుకే ఆ పిల్లవాడు ఇంట్లో బాబుగానో, చిట్టిగానో, అబ్బాయిగానో మిగిలిపోతాడు. కుటుంబంలోని ముద్దుపేర్లకూ అసలు పేర్లకూ ఒక పట్టిక ముందే తయారు చేసుకోవాలి. ఇద్దరు ముగ్గురు చిట్టిలు తేలడం మామూలే.

కాగితాలు చెప్పేవి, చెప్పనివి

పాశ్చాత్య దేశాల్లో ఈ దశలో జనగణన పత్రాలు ఆదుకుంటాయి. అమెరికాలో 72 ఏళ్ళు, బ్రిటన్‌లో 100 ఏళ్ళు దాటితే ఇంటింటి వివరాలు బయట పెడతారు. మన దేశంలో 1948 జనగణన చట్టం 15వ సెక్షను ప్రకారం ఆ పత్రాలను ఎవరూ చూడడానికి వీల్లేదు. అందువల్ల తెలుగు కుటుంబాల పరిశోధన వేరే దారుల్లో నడవాలి. మొదటి దారి భూమి. మద్రాసు ప్రెసిడెన్సీలో 1858లో మొదలైన ఇనాం విచారణ నాటి రిజిస్టర్లు, ఆ తర్వాతి ఆర్.ఎస్.ఆర్.లు (భూమి సర్వే, సెటిల్‌మెంటు రిజిస్టర్లు), అడంగళ్ళు (ఊరి సాగు లెక్కలు), తెలంగాణలో 1954–55 నాటి ఖాస్రా పహాణీ పట్టాదారుల పేర్లు ఇస్తాయి. రిజిస్ట్రేషన్ కచేరీలోని భాగపరిష్కార దస్తావేజులు, వీలునామాలు ఇంకా విలువైనవి. వాటిలో తండ్రి పేరు, వయసు, నివాసం ఉంటాయి. వీటిలోని సంవత్సరాలు తరచు ఫసలీలో ఉంటాయి. ఫసలీ సంఖ్యకు 590 కలిపితే ఆ ఫసలీ మొదలైన క్రీస్తు శకపు ఏడు వస్తుంది. జిల్లా పేర్లతోనూ జాగ్రత్త పడాలి. ఒంగోలు వారి పాత కాగితాలు 1904 దాకా నెల్లూరు జిల్లా కింద, ఆ పైన 1970 దాకా గుంటూరు జిల్లా కింద ఉంటాయి. 1920లో ఏలూరు కృష్ణా జిల్లాలో ఉంది, పశ్చిమ గోదావరి 1925లో ఏర్పడింది. బళ్ళారి, బరంపురం వైపు తెలుగు కుటుంబాల కాగితాలు ఈనాడు పక్క రాష్ట్రాల్లో ఉన్నాయి.

దస్తావేజు చెప్పేది మగవారి గురించి. మన పదమూడు మంది ఫొటోలో వెనక నలుగురు యువకులు నిలబడి ఉన్నారనీ, 1931 నాటి పంపకాల దస్తావేజులో ముగ్గురు కొడుకులే ఉన్నారనీ అనుకుందాం. నాలుగో వ్యక్తి ఆ ఆరేళ్ళలో పిల్లలు లేకుండా పోయిన కొడుకు కావచ్చు, వేరే ఇంటికి దత్తత వెళ్ళినవాడు కావచ్చు, అల్లుడు కావచ్చు. దత్తత వెళ్తే ఇంటిపేరు, గోత్రం మారి, సొంత అన్నదమ్ముల దస్తావేజులో కనపడడు. అల్లుడికైతే చాలా ఇళ్ళలో కుర్చీ వేసేవారు, కొడుకులు నిలబడేవారు. కాబట్టి నిలబడి ఉండటం అల్లుడు కాదనడానికి కొంత బలం ఇస్తుంది, రుజువు మాత్రం కాదు. ఇక స్త్రీలు ఆ దస్తావేజులో అసలు లేరు. 1956 హిందూ వారసత్వ చట్టానికి ముందు కూతుళ్ళ పేర్లు అందులో చేరే సందర్భం అరుదు. 1951–52 తొలి సార్వత్రిక ఎన్నికల జాబితాల్లో సొంత పేరు చెప్పక, ఫలానా వారి భార్య, ఫలానా వారి కూతురు అని మాత్రమే నమోదు చేయించుకున్న సుమారు 28 లక్షల మంది స్త్రీల పేర్లు దేశం మొత్తం మీద తొలగించవలసి వచ్చింది. అందులో ఎక్కువ భాగం ఉత్తరాది రాష్ట్రాలదే. అయినా స్త్రీ పేరు కాగితానికి ఎంత దూరంగా ఉండేదో అది చెబుతుంది.

అంత మాత్రాన స్త్రీల పేర్లు పోయాయనుకోకూడదు, అవి వేరే చోట దాక్కున్నాయి. పసుపు కుంకుమల కింద కూతురికి రాసిన భూమి దస్తావేజులో ఆమె పేరు ఉంటుంది. పెళ్ళినాటి శుభలేఖలో రెండు ఇంటిపేర్లూ, రెండు ఊళ్ళూ ఉంటాయి. చదివింపుల పుస్తకంలో ఎవరు ఏ ఊరి నుంచి వచ్చి ఎంత చదివించారో వరుసగా ఉంటుంది. ఆ ఇంటికి ఆనాడు ఎవరెవరు బంధువులో చెప్పే పట్టిక అంతకంటే మంచిది దొరకదు. పితృకార్యాలు చేసే ఇళ్ళలో తర్పణాల కోసం రాసుకున్న నోటు పుస్తకం మరీ అమూల్యం. తండ్రి, తాత, ముత్తాతలతో పాటు తల్లి, నాయనమ్మ, ఆమె అత్తగారి పేర్లు, మాతామహుల పేర్లు, గోత్రాలతో సహా అందులో ఉంటాయి. మహాలయ పక్షం జాబితాలో మేనత్తలు, మేనమామలు, మామగారు, అత్తగారు కూడా చేరతారు. ఆ జాబితాలో ఉన్నవారంతా దాన్ని రాసిన నాటికి చనిపోయినవారే. జాబితా ఎప్పుడు రాశారో తెలిస్తే, ఎవరు ఎప్పటికి పోయారో తెలుస్తుంది. ఆబ్దికం తిథి ఏడు చెప్పదు గానీ నెల, పక్షం చెబుతుంది.

భూమి, దస్తావేజు లేని కుటుంబాల మాటేమిటన్న ప్రశ్న న్యాయమైనది. ఇక్కడ తెలుగు నేలకు సొంతమైన ఒక వ్యవస్థ ఉంది. వంశాలను నోటితో మోసుకొచ్చిన ఆశ్రిత కులాలు అవి. రెడ్లకు పిచ్చుకుంట్లవారు, అంటే నేటి వంశరాజులు, గొల్లలకు మందెచ్చులవారు, పద్మశాలీలకు కూనపులివారు, సాధనాశూరులు, మాదిగలకు డక్కలివారు గోత్రాలు, ఇంటిపేర్లు, కులపురాణాలు చెప్పేవారు. ఏ ఊళ్ళు ఎవరి మిరాశీయో వాళ్ళకు తెలుసు. క్రైస్తవ కుటుంబాలకు బాప్తిస్మ, వివాహ రిజిస్టర్లు ఉన్నాయి. మచిలీపట్నంలో 1841లో, గుంటూరులో 1842లో మిషన్లు మొదలయ్యాయి. బాప్తిస్మంతో పేరు మారిన సందర్భాల్లో పాత పేరును కొత్త పేరుతో కలిపి చూడాలి. సముద్రం దాటిన వారి కాగితాలు ఇంకా వివరంగా ఉంటాయి. 1860 నుంచి 1911 దాకా నేటాల్ చేరిన 1,52,184 మంది కూలీల ఓడ జాబితాల్లో ప్రతి ఒక్కరికీ ఒక సంఖ్య, తండ్రి పేరు, వయసు, ఊరు, తాలూకా, ఒంటి మీది మచ్చలు నమోదయ్యాయి. మారిషస్‌లో కోరంగి రేవు పేరుతో పిలిపించుకున్న తెలుగువారితో సహా వలస కూలీల ఫొటోలను 1860ల నుంచి సంఖ్యతో జతచేశారు. అక్కడి మోకా అనే ఊళ్ళోని మహాత్మాగాంధీ సంస్థ వాటిని భద్రపరుస్తోంది. ఆ ఫొటోలో గుర్తింపు ఖాయంగా నిలవడానికి కారణం ముఖం కాదు, తీసిన నాడే దానితో ముడిపడిన సంఖ్య. మనిషిని బానిసలా లెక్కగట్టిన వ్యవస్థ పెట్టిన సంఖ్యే ఈనాడు అతని మునిమనవలకు అతన్ని తిరిగి ఇస్తోంది.

పేరును బిగించే పద్ధతి

ఇలా పోగైన వివరాలను ఒక పట్టికగా రాసుకోవాలి. నిలువు గడిలో ఫొటోలోని ప్రతి మనిషికీ ఒక సంఖ్య, అడ్డ గడిలో ఆ ఏడాదికి బతికి ఉన్న ప్రతి బంధువు పేరు. ఇప్పటికే తెలిసిన ఒకరిద్దరిని బట్టి కాలం ఇంకా బిగించవచ్చు. అందరికంటే చిన్న పాప పుట్టిన తేదీ వెనక హద్దు, ఫొటోలో ఉన్నవారిలో అందరికంటే ముందు పోయినవారి మరణం ముందు హద్దు. ఈ పనికి పెద్దల వయసు కంటే పసిపిల్లల వయసు నమ్మదగింది. నలభై అయిదేళ్ళ మనిషినీ యాభై అయిదేళ్ళ మనిషినీ వేరు చేయడం కష్టం, ఆరు నెలల పాపను రెండేళ్ళ పాపగా ఎవరూ పొరబడరు. ఆ పాప పుట్టిన తేదీని మాత్రం బడి రిజిస్టరు నుంచి తీసుకోకూడదు. బడిలో వేయించిన తేదీ అయ్యవారు రాసుకున్నదే కావచ్చు. జాతకంలోని తిథి, నక్షత్రం మేలు. ఒక్కో పేరును ఒక్కో గడిలో పెట్టి చూస్తూ, కుదరనివాటిని కొట్టేస్తూ పోతే కొందరికి ఒకే పేరు మిగులుతుంది. కొందరికి రెండు మిగులుతాయి. ఆ రెండింటి మధ్య తేల్చడానికి ఇప్పుడు ముఖాన్ని పిలవవచ్చు. అదీ ఒక్క ఫొటోతో కాదు, పేరు ఖాయంగా తెలిసిన మరో ఫొటో పక్కన పెట్టి, వయసుతో పెద్దగా మారని చెవి ఆకారం, పుట్టుమచ్చ, గాటు వంటివి చూసి తేల్చాలి.

అభ్యంతరాలు

ఇంత శ్రమ ఎందుకు, ఇంట్లో తొంభై ఏళ్ళ అమ్మమ్మ ఉంది, ఆమె చూడగానే చెప్పేస్తుంది అన్నది మొదటి అభ్యంతరం. ఆమె మాట నిస్సందేహంగా గొప్ప ఆధారం, ఈ వ్యాసంలో చెప్పిన కాగితాలన్నింటికంటే ముందు పోయేది కూడా అదే. అందుకే ఆమె దగ్గరికి ముందుగా వెళ్ళాలి. కానీ ఆమె స్వయంగా చూసిన మనుషులు వేరు, ఆమెకు ఎవరో చూపించి "వీళ్ళు మీ తాతయ్య అన్నయ్య" అని చెప్పిన మనుషులు వేరు. మొదటిది సాక్ష్యం, రెండోది విన్నమాట. ఆమె పుట్టక ముందు తీసిన ఫొటోలో ఆమె చెప్పే పేర్లన్నీ రెండో రకమే. అడిగే తీరు కూడా ముఖ్యం. "ఇది పెదతాతయ్యే కదా" అని అడిగితే అవుననే జవాబు వస్తుంది. వేలు పెట్టి చూపి "ఈ మనిషి గురించి చెప్పండి" అంటే, ఆ మనిషి వంట ఎలా చేసేదో, ఏ ఊరి నుంచి వచ్చిందో, ఎప్పుడు పోయిందో చెబుతుంది. పేరు కంటే ఆ కబుర్లే పరిశోధనకు ఎక్కువ పనికొస్తాయి, ఎందుకంటే వాటిని కాగితంతో సరిచూడవచ్చు.

రెండో అభ్యంతరం యంత్రం తరపున వస్తుంది. ముఖాలను పోల్చే సాఫ్ట్‌వేరు ఉంది, డీఎన్ఏ పరీక్ష ఉంది, పట్టికలెందుకని. ముఖాలు పోల్చే సాఫ్ట్‌వేరు ఇద్దరి మధ్య పోలికను కొలుస్తుంది. కుటుంబ ఫొటోలో సమస్యే పోలిక. అన్నదమ్ములు, తండ్రీ కొడుకులు, మేనమామా మేనల్లుడూ ఒకరిలా ఒకరు ఉంటారు. రంగు వెలిసి, మెరుగులు దిద్దిన స్టూడియో ఫొటోలో ఆ తేడాలు ఇంకా చెరిగిపోతాయి. డీఎన్ఏ బతికి ఉన్న ఇద్దరికి బంధుత్వం ఉందో లేదో చెబుతుంది గానీ ఫొటోలోని ముఖం పేరు చెప్పదు. అక్క కూతురిని చేసుకున్న, వరుసగా మేనరికాలు జరిగిన వంశాల్లో ఇద్దరి మధ్య పంచుకున్న భాగం మామూలు కంటే ఎక్కువగా ఉండి, దూరపు చుట్టం దగ్గరి చుట్టంలా కనిపిస్తాడు. ఈ రెండూ పరిశోధకుడి చేతిలో పనిముట్లే. తీర్పు మాత్రం వాటి చేతిలో పెట్టకూడదు.

మూడో అభ్యంతరం అన్నింటికంటే లోతైనది. ఇన్ని హద్దులు, ఇన్ని ఊహలు అయ్యాక కూడా కొందరి పేర్లు తేలవు, ఏదో ఒక పేరు ఉండటమే ఖాళీ కంటే నయం కదా అని. కాదు. తప్పు పేరు ఇద్దరికి అన్యాయం చేస్తుంది. పేరు తగిలించుకున్న మనిషి ముఖం పోతుంది, ముఖం ఉన్న మనిషి పేరు పోతుంది. మొదటి భార్య పోయాక వచ్చిన రెండో భార్యను అందరు పిల్లలకూ తల్లిగా రాసేస్తే, కని చనిపోయిన తల్లి వంశవృక్షంలోంచే మాయమవుతుంది. పిల్లల పుట్టిన ఏళ్ళ మధ్య పెద్ద ఎడం కనిపించినప్పుడు ఆగి ఆలోచించవలసింది అందుకే. ఖాళీని ఖాళీగా ఉంచితే తర్వాతి తరం వెతుకుతుంది. తప్పును నింపితే ఎవరూ వెతకరు.

కాబట్టి గుర్తింపును మూడు మెట్లుగా రాయడం మంచిది. తీసిన నాటి రాతతో గానీ స్వతంత్రమైన రెండు ఆధారాలతో గానీ కుదిరినవి ఖాయం, ఒక ఆధారంతో కుదిరి, దేనితోనూ తగవు లేనివి బహుశా, మిగిలినవి తెలియదు. ఫొటో వెనక బాల్‌పెన్నుతో కాదు, మెత్తటి పెన్సిలుతో, అంచున నెమ్మదిగా ఒక సంఖ్య మాత్రం వేయాలి. వేరే కాగితం మీద ఆ సంఖ్యలకు పేర్లు, ప్రతి పేరు పక్కన ఎవరు చెప్పారు, ఏ తేదీన, ఏ కాగితం చూసి అన్న వివరం ఉండాలి. వరస రాస్తే ఎవరికి వరసో కూడా రాయాలి. "మామయ్య" అని వదిలేయకుండా "రాసిన నాకు మేనమామ, అంటే మా అమ్మకు పెద్దన్నయ్య" అని రాస్తే, మన ఉదాహరణలోని చిక్కు ఇంకో తరానికి పుట్టదు. పదమూడు మందిలో తొమ్మిది మందికి పేర్లు తేలి, వెనక వరసలో కుడి చివర నిలబడ్డ ఆమె ఎవరో తేలలేదనుకుందాం. ఆమె సంఖ్య పక్కన "పేరు తెలియదు, 1925 నాటికి సుమారు పాతికేళ్ళు, కోడలో కూతురో తేలలేదు, కాసులపేరు 1931 పంపకాల జాబితాలో ఉన్నదే కావచ్చు" అని రాస్తే ఆమెను మరిచిపోయినట్టు కాదు. ఎక్కడ వెతకాలో తర్వాతివారికి చెప్పి, ఆమె చోటు ఆమెకు ఉంచినట్టు.